ప్రేమించనివాళ్ళ విరహగీతాలు

రేడియోలో ‘మీరు కోరిన పాటలు’ వచ్చే రోజుల్లో పాట కంటే ముందు పేర్లు వచ్చేవి. పదిహేను పైసల కార్డు మీద పాట, సినిమా, కింద కోరినవాళ్ళ పేర్లు రాసి పోస్టులో పడేస్తే, ఎప్పుడో ఒకరోజు అనౌన్సర్ ఆ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చదివేసేవారు. తన పేరు వినపడిందని ఊరంతా చెప్పుకుని తిరిగినవాళ్ళు నాకు తెలుసు. అయితే అప్పట్లో నేను పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్రియురాలు దూరమై, మందు సీసా ముందు పెట్టుకుని హీరో పాడే పాట కోరినవాళ్ళ జాబితాలో కూడా బుజ్జి, పండు, చిన్నారి, అమ్మమ్మ, తాతయ్య ఉండేవాళ్ళు. చివర్లో ‘మరియు మిత్రబృందం’.

బుజ్జికీ పండుకీ ఆ పాటతో ఏం పని? ఇంట్లో ఎవరో ఒక్కరికే ఆ పాట కావాలి. ఒక్క పేరే రాస్తే అందరూ అడుగుతారు, ఏంటి కథ అని. అందుకని పిల్లల పేర్లు ముందు పెట్టేసి, తన పేరు ఆ గుంపులో ఎక్కడో కలిపేసేవాళ్ళు అనుకుంటాను. నాకు తెలిసినంతలో మనవాళ్ళు విషాద గీతాలు విన్న పద్ధతి మొత్తం అదే. పాట గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. తమ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పరు. ఆ చెప్పని ముక్క ఏంటో పాట మీద వాళ్ళనే మాటల్లోంచి మనమే ఏరుకోవాలి.

మా పెద్దమ్మ దగ్గర్నుంచి మొదలుపెడతాను. వేసవి సెలవులన్నీ ఆవిడ ఇంట్లోనే గడిచేవి. పెద్ద ఉమ్మడి కుటుంబం. పొద్దున కాఫీల దగ్గర్నుంచి రాత్రి పక్కలు పరిచేదాకా ఇల్లు ఖాళీగా ఉన్న క్షణం ఉండేది కాదు. రేడియో పెదనాన్నది. అంటే రేడియో ఉన్న బల్ల పెదనాన్నది, దాని చెవి తిప్పే హక్కూ ఆయనదే. వార్తలు, ధరవరలు, శాస్త్రీయ సంగీతం తప్ప ఇంకేదీ రేడియోలో రాకూడదని ఆయన ఉద్దేశం. సినిమా పాటలు జనాన్ని చెడగొడతాయని 1950ల్లో కేస్కర్ మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో వాటిని కత్తిరించేశారు కదా, మా పెదనాన్నది చివరిదాకా కేస్కర్ పార్టీయే. ఆ కత్తిరింపు వల్ల జరిగిందల్లా దేశమంతా ముల్లుని శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిప్పుకోవడం. 1957లో ఆకాశవాణివాళ్ళే వివిధ భారతి పెట్టి సినిమా పాటల్ని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకోవాల్సి వచ్చింది. ఆ ముచ్చట ఆయన ముందు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవారు.

పెదనాన్న పొలం వెళ్ళాక పెద్దమ్మ రాజ్యం. వంటింటి గడప మీద కూచుని చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. సిలోన్‌లో అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతంటే ఆవిడకి మహా ఇష్టం. ఎప్పుడూ చూడని ఆ మనిషిని ‘మీనాక్షి’ అని వరస కలిపినట్టు పిలిచేది. పాటలు వస్తూంటే పెద్దమ్మ చేయి ఆగేది కాదు. ఎడమచేత్తో చేట చెరగడం, కుడిచేత్తో రాయి తీసి గుమ్మం బయటకి విసరడం. కాని ‘మనసున మనసై’ వచ్చిందంటే చేయి ఆగిపోయేది. ఏరిన రాయి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అలాగే ఉండిపోయేది. పాటంతా అయ్యాక, ఆ రాయి విసిరేశాక, ఒక మాట అనేది.

“ఆ మనిషికి ఎవరూ లేరురా పాపం.”

ప్రతిసారీ అదే మాట. చిన్నప్పుడు నేను ఆ మనిషంటే నాగేశ్వరరావు అనుకున్నాను. ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాలో పాట అది, 1964లో వచ్చింది. కథ కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ నవల. ఆ నవల పెద్దమ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉండేది, అట్ట ఊడిపోయి. సంగీతం సాలూరి రాజేశ్వరరావు, పాడింది ఘంటసాల. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ పాట శ్రీశ్రీ రాశాడని కాలేజీలో తెలిసినప్పుడు నాకు షాక్. ‘మహాప్రస్థానం’ చదివి జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని తిరిగే వయసు. మరో ప్రపంచం వైపు పదండి అన్న మనిషి, నాకంటూ తోడు ఒక్కరుంటే చాలు అని ఇంత మెత్తగా ఎలా రాశాడు? ఆ సెలవులకి వెళ్ళినప్పుడు పెద్దమ్మకి శ్రీశ్రీ గురించి పెద్ద లెక్చర్ ఇచ్చాను. అంతా ఓపిగ్గా విని, “ఉద్యమాలు చేసేవాళ్ళకి మాత్రం సాయంత్రం కాదా నాన్నా” అంది.

శ్రీశ్రీ మీద చాలామంది రాసినవి చదివాను గానీ ఇంత పొట్టి విమర్శ ఇంకెక్కడా కనపడలేదు.

ఇంటినిండా మనుషులున్న ఆవిడకి ఆ పాట ఎందుకంత పట్టింది? నేనెప్పుడూ అడగలేదు, అడిగితే చెప్పేదీ కాదు. పెదనాన్న చెడ్డవారు కాదు. కాని ఆవిడతో ఆయన మాట్లాడిన మాటలన్నీ “అన్నం పెట్టు”, “ఎవరొచ్చారు”, “గేదెని కట్టేశారా”. పాటలో మనిషికి ఎవరూ లేరని ఆవిడ జాలిపడుతుంటే, వెనక నలుగురు తోడికోడళ్ళు మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు.

మగవాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళకి జాలి మాట నోట్లోంచి రాదు. పాట మనసుకి తగిలిందనుకోండి, వెంటనే వివరాల్లోకి దూకేస్తారు. సంగీతం ఎవరు, ఏ రాగం, ఏ ఏడాది, ఏ హాల్లో ఎన్ని రోజులు ఆడింది. ‘ప్రేమ్‌నగర్’లో ‘మనసు గతి ఇంతే’ విన్న మగవాళ్ళని గమనించండి. పాట అవుతుండగా నిశ్శబ్దం. అయిన మరుక్షణం ఒకడు “కె.వి. మహదేవన్” అంటాడు. ఇంకొకడు “ఆత్రేయ” అంటాడు. మూడోవాడు “1971” అంటాడు. ముగ్గురూ తలలూపుతారు. అక్కడితో అందరి గుండెల్లో ఉన్నదీ మాట్లాడుకున్నట్టే లెక్క. ఈ సినిమాకి మూలమైన నవలా కౌసల్యాదేవి గారిదే అన్న సంగతి మాత్రం వాళ్ళలో ఎవరికీ గుర్తుండదు. తాగి పాడే మగవాడి పాటల వెనక కథలు ఒక ఆడమనిషి రాసిందంటే వాళ్ళకి కొంచెం ఇబ్బందేమో.

ఆత్రేయ మీద ఒక పాత జోకుంది కదా, రాయక నిర్మాతల్నీ రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తాడని. మనసు అనే ఒక్క మాటని పట్టుకుని ఇన్నేళ్ళు నడిపించినవాడు ఇంకొకడు లేడు. నాకు మాత్రం ఆయన మాటల కంటే ఘంటసాల గొంతే ఎక్కువ. ఆయన పోయింది 1974 ఫిబ్రవరిలో. నాకు ఊహ తెలిసేసరికే ఆ గొంతు వెళ్ళిపోయిన మనిషి గొంతు. మా పెద్దవాళ్ళు ఆయన పాట వింటున్నప్పుడు ఏ బాధైతే పైకి వచ్చేదో, అందులో సగం హీరో కోసం కాదు, ఘంటసాల కోసమే అని నా అనుమానం. ఆయన విషాదంలో ఏడుపు ఉండదు. గొంతు పూర్తిగా తెరిచే పాడతాడు. ఏడుస్తూ పాడినవాళ్ళ పాటలు ఎందుకో అంతగా నిలబడలేదు.

హాస్టల్‌కి వచ్చేసరికి రేడియో పోయి టేప్‌రికార్డర్ వచ్చింది. అంటే కోరుకోవడం అయిపోయి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వేసుకోవడం మొదలైంది. ఖాళీ క్యాసెట్ కొని, పాటల లిస్టు రాసి రికార్డింగ్ సెంటర్‌లో ఇస్తే రెండు మూడు రోజుల్లో చేసిచ్చేవాడు. లిస్టు ఇస్తున్నప్పుడు షాపతను ఒకసారి మన మొహంలోకి చూసేవాడు. అన్నీ విషాద గీతాలే అయితే ఇంకోసారి చూసేవాడు. ఒక వైపు ఇంకా కొంచెం టేపు మిగిలిందంటే తనకి తోచిన పాట ఒకటి వేసి నింపేసేవాడు. అలా నా ప్రేమ పాటల మధ్యలోకి ఒకసారి భక్తి పాట వచ్చి కూర్చుంది. దాన్ని చెరపలేదు నేను, అలవాటైపోయింది.

ఆ రోజుల్లో హాస్టల్ అంతా ‘అభినందన’. 1988లో వచ్చింది సినిమా. ఇళయరాజా, ఆత్రేయ, బాలు. ఏ రూమ్ దగ్గర ఆగినా అందులో పాటే. ‘ప్రేమ ఎంత మధురం’ అయితే బాత్‌రూముల్లో కోరస్. ఆ మరుసటి ఏడాదే ఆత్రేయ పోయారు, మా రూముల్లో ఆ పాటల జోరు ఇంకా పెరిగింది. నిజానికి మా బ్లాకులో ప్రేమించి విఫలమైనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరు. ఆడపిల్లలతో మాట్లాడటానికే చెమటలు పట్టే బ్యాచ్ మాది. అయినా అందరం సగం గడ్డాలతో, కఠినమైన ప్రియురాలు ఎక్కడో ఉన్నట్టు తిరిగేవాళ్ళం. ప్రేమ ఇంకా రాకముందే విరహం వచ్చేసింది మాకు.

మా రూమ్మేట్ ఒకడు అందరికంటే ముదిరిపోయాడు. వాడి దగ్గర ఒకే ఒక్క క్యాసెట్. రాత్రి లైట్లు తీసేశాక పెట్టేవాడు. ఆ టేపు అరిగి అరిగి సాగిపోయి, బాలు గొంతు అక్కడక్కడ నీళ్ళలోంచి వస్తున్నట్టుండేది. రీల్ బయటకొస్తే పెన్సిల్ దూర్చి చాలా శ్రద్ధగా చుట్టేవాడు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొత్తది చేయించుకోరా, అందరం తలో పది వేసుకుంటాం అన్నా వినలేదు. సరే, గట్టి కేసు అనుకున్నాం. ఎవర్రా ఆ అమ్మాయి అని అడగని రోజు లేదు. నవ్వేవాడు అంతే. ఆ నవ్వుకి మేమే ఒక కథ అల్లేశాం. డిగ్రీలో క్లాస్‌మేట్ అట, కులం వేరట, పెళ్ళైపోయిందట. కొన్నాళ్ళకి ఆ కథ పక్క బ్లాకు వాళ్ళు మాకే చెప్పారు.

ఒక రాత్రి నాకు జ్వరం. నిద్ర రాక పడుకున్నాను. ‘అభినందన’ పాటలు అయిపోయాయి. మామూలుగా అయితే ఈలోగా మేమంతా నిద్రపోయేవాళ్ళం. వాడు టేపు ఆపలేదు. కొంచెంసేపు ఖాళీగా గరగరమంది. తర్వాత ఒక మగ గొంతు, పాట కాదు, మాట. “ఆఁ, తమ్ముడూ, వినపడతాందా? ఇక్కడ అంతా బాగానే ఉంది. ఎండలు ఎక్కువ. నాన్న మందులు టైముకి వేసుకుంటన్నాడా…”

వాళ్ళన్న మస్కట్‌లో పని చేసేవాడు. అప్పట్లో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఉత్తరం రాయడం కష్టమైతే క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద ఇంటికి వచ్చేవాళ్ళతో పంపేవాళ్ళు. అక్కడ ఖాళీ క్యాసెట్ దొరకలేదో, తమ్ముడికి పాటలిష్టమని కావాలనే చేశాడో, పాటల చివర మిగిలిన టేపులో మాట్లాడాడు. మా వాడు నేరుగా ఆ చోటుకి తిప్పుకుని వినొచ్చు. వినేవాడు కాదు. పాటలన్నీ వరసగా పూర్తయ్యి, రూమ్‌లో అందరూ పడుకున్నాకే అన్న మాట్లాడాలి.

పొద్దున్న నేనేమీ అడగలేదు. వాడే చాయ్ గ్లాసు అందిస్తూ, “బాలు భలే పాడాడు కదరా” అన్నాడు. “అవున్రా” అన్నాను. అమ్మాయి కథ మాత్రం చదువు అయిపోయేదాకా అలాగే నడిచింది. మా ఇద్దరిలో ఎవరమూ ఖండించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ‘మాతృదేవోభవ’ వచ్చింది, 1993. ‘రాలిపోయే పువ్వా’ అసలు ప్రేమ పాటే కాదు, పిల్లల్ని వదిలి వెళ్ళిపోతున్న తల్లి కథ. అయినా మా కుర్రాళ్ళు దాన్ని తెచ్చి లవ్ ఫెయిల్యూర్ క్యాసెట్లో కలిపేశారు. బాధ అంటే అన్నీ ఒకటే డబ్బాలో వేసే వయసు మరి. వేటూరికి జాతీయ అవార్డు తెచ్చిన పాట అది. స్వరపరిచిన కీరవాణే పాడారు. ఇప్పటి పిల్లలకి కీరవాణి అంటే ఆస్కార్, ‘నాటు నాటు’. మా వయసు ఆడవాళ్ళ ముందు ఆయన పేరెత్తి చూడండి, ముందుగా ఈ పాటే గుర్తొస్తుంది. మా అక్క అయితే ఇప్పటికీ పూర్తిగా వినదు. పల్లవి మొదలవగానే “ఆపరా, ఇంట్లో పనుంది” అంటుంది. పని ఎప్పుడూ ఉంటుంది, ఈ పాట అప్పుడే గుర్తొస్తుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక మాత్రం మనవాళ్ళకి కొంచెం ధైర్యం వచ్చింది. కాలర్ ట్యూన్ల కాలం గుర్తుందా? నిన్నటిదాకా హుషారు పాట ఉన్నవాడికి ఫోన్ చేస్తే ఇవాళ ‘7/జి బృందావన్ కాలనీ’ పాట వినపడితే, వాడు ఫోన్ ఎత్తేలోపే విషయం అర్థమైపోయేది. ఎత్తాక మాత్రం “ఏముంది, ఏదో నంబర్ నొక్కితే మారిపోయింది” అనేవాడు. రాత్రిపూట ఎఫ్ఎం‌లో ఫోన్ చేసేవాళ్ళూ అంతే. పాట ఎవరికి డెడికేట్ చేస్తున్నారంటే “ఒకళ్ళకి… వాళ్ళకి తెలుసులెండి” అనేవాళ్ళు. ఇది ఆ పాత పోస్టుకార్డే. ఈసారి బుజ్జి, పండు లేరు, అంతే తేడా.

2020 సెప్టెంబర్ 25న బాలు పోయిన రోజు నా ఫోన్ ఆగలేదు. కరోనా కాలం, ఎవరికి వాళ్ళు ఇళ్ళలో ఉన్నాం. ఏళ్ళ తరబడి మాట్లాడని హాస్టల్ వాళ్ళందరూ ఫోన్లు చేశారు. ఒకడికి ఉద్యోగం పోయింది, ఒకడి తండ్రి ఆ మధ్యే వెళ్ళిపోయారు, ఇంకొకడు భార్యాపిల్లలకి దూరంగా వేరే దేశంలో చిక్కుకుపోయాడు. ఇవేవీ వాళ్ళు ఆరోజు చెప్పలేదు, తర్వాత ఒకరి నుంచి ఒకరికి తెలిశాయి. ఆరోజు మాట్లాడిందంతా ఏ పాట గొప్పది, ఏ చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు అన్నదే. మస్కట్ అన్న తమ్ముడు కూడా చేశాడు. చాలాసేపు ‘అభినందన’ గురించే మాట్లాడాం. పెట్టేసేముందు “అన్న ఎలా ఉన్నాడ్రా?” అని అడిగాను. “వచ్చేశాడుగా, ఎప్పుడో. పక్కనే ఉన్నాడు, పొద్దస్తమానం టీవీ. గొంతు వినలేక చస్తున్నా” అని నవ్వాడు.

ఆ మధ్య మా కజిన్ కూతురి పెళ్ళికి అందరం కలిశాం. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపలు వేసుకుని పాటలు మొదలుపెట్టారు. పిల్లలు ఫోన్లో కరావోకే పెట్టుకుని పాడారు. తర్వాత అందరూ మా బాబాయ్ మీద పడ్డారు, దేవదాసు పాడమని. బాబాయ్ గొంతు పెద్ద గొప్పది కాదు కానీ పాడేటప్పుడు ఆయన ముఖం మారిపోతుంది. ‘కుడి ఎడమైతే’ ఎత్తుకున్నారు. ఎదురుగా గోడకి ఆనుకుని పిన్ని. పాట అయ్యాక పిల్లలు ఈలలు వేశారు. పిన్ని తమలపాకు ఈనె తీస్తూ, మామూలుగానే అడిగింది.

“ఏవండీ, పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. ఎవరి కోసం పాడతారు దీన్ని?”

డాబా అంతా ఒక్కసారి గొల్లుమంది. బాబాయ్ కూడా నవ్వారు. కండువాతో మెడ తుడుచుకుని, నా వైపు తిరిగి, “ఒరేయ్, ఈ సినిమాకి సంగీతం చేసిన సుబ్బురామన్ సినిమా పూర్తవకముందే పోయాడు తెలుసా? కుర్రాడు, ముప్పై కూడా రాలేదు. మిగిలింది విశ్వనాథన్, రామ్మూర్తి పూర్తి చేశారు. విడుదల 1953” అన్నారు.

“అదీ సంగతి,” అంది పిన్ని పిల్లల వైపు చూసి. “నేనడిగినప్పుడల్లా సుబ్బురామన్ చచ్చిపోతాడు.”

బాబాయ్ అది వినిపించుకోనట్టే, ఆ పాటలు రాసింది సముద్రాలేనా లేక మల్లాది రామకృష్ణశాస్త్రి చెయ్యి కూడా ఉందా అనే పాత తగువు ఎత్తారు. మా మావయ్య సముద్రాల పక్షం. ఇంకో అరగంట అదే నడిచింది.